ఒకే 4060, రెండు స్కోర్లు: అనంతపురం ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 13, శనివారం

ఒక లాప్‌టాప్‌కు 10,447. ఇంకోదానికి 5,869. రెండింటిలోనూ ఇంటెల్ ఐ7-13620హెచ్ ప్రాసెసరే. రెండింటిలోనూ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్సే, 8 జీబీ వీడియో మెమరీయే. నడిపిన బెంచ్‌మార్కు (వేగం కొలిచే పరీక్ష) కూడా ఒకటే, త్రీడీమార్క్ ప్రోగ్రాములోని టైమ్ స్పై. స్కోరు మాత్రం దాదాపు సగం.

ఆ తక్కువ స్కోరు మా అక్క కూతురి లాప్‌టాప్‌ది. ఇక్కడే జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ చదువుతోంది. లేపాక్షి గుడి స్తంభాలను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, వాటితో త్రీడీ మోడళ్లు కట్టే ప్రాజెక్టు పెట్టుకుంది. ఆ పని కోసమే మా బావ ఉగాదికి లోన్ తీసి మరీ కొనిచ్చాడు. ఎక్కువ స్కోరు ఆమె క్లాస్‌మేట్‌ది, పోయిన సంవత్సరం కొన్నాడు. ఇద్దరూ క్లాసులో పక్కపక్కన పెట్టి రన్ చేశారు. ఆ సాయంత్రమే బావ నుంచి ఫోన్. "ఏమప్పా, మనకు డూప్లికేట్ మాల్ అంటగట్టినారా?"

సిస్టమ్ సర్వీసింగ్‌లో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్తేమీ కాదు. ప్రతి వేసవిలో ఎవరో ఒకరు ఇదే బాధతో వస్తారు. కానీ ఇలా ఒకే చిప్పున్న రెండు లాప్‌టాప్‌లు ఒకేసారి నా బల్ల మీదికి రావడం అరుదు. అందుకే పూర్తిగా తేల్చేదాకా వదలకూడదనుకున్నాను. అప్పు చేసి కొనే ఇళ్లలో ఈ అంకె వల్ల ఎంత మనస్తాపం కలుగుతుందో చూస్తూనే ఉన్నాను. ఆ కుర్రాడు కూడా మంచివాడు, "అన్నా, నాది కూడా ఎన్ని రోజులైనా పెట్టుకోండి" అని ఇచ్చి వెళ్లాడు.

రాసుకోవడానికి వీలుగా కుర్రాడిదాన్ని లావుది అనీ, పాపదాన్ని సన్నది అనీ పిలుస్తాను. చూడ్డానికి అంతే తేడా. ఒకటి మందంగా, వెనక పెద్ద గాలి రంధ్రాలతో ఉంటుంది. ఇంకోటి బ్యాగులో నోటు పుస్తకంలా ఇమిడిపోతుంది.

పద్ధతి ముందే ఖాయం చేసుకున్నాను. రెండింట్లో ఒకే డ్రైవర్ వెర్షన్. ఒకే గది, ఒకే బల్ల. ఒకసారికి ఒక్క మార్పే. అప్‌డేట్లు, ట్రయల్ యాంటీవైరస్, ఇతర ప్రోగ్రాములు అన్నీ ఆపేయాలి. మొదటి రన్ లెక్కలోకి రాదు, మిషన్ వేడెక్కాక వచ్చేదే అసలు స్కోరు. మూడు శాతం లోపు తేడా వస్తే దానికి అర్థం వెతకకూడదు. ఒకే మిషన్ మీద రెండుసార్లు నడిపినా ఆపాటి తేడా వస్తుంది.

అదే రోజు, సాయంత్రం

మొదటి కారణం పాప బ్యాగులోనే దొరికింది. లాప్‌టాప్‌తో వచ్చిన 180 వాట్ల అడాప్టర్ ఇటుకంత బరువు. అది హాస్టల్లో పెట్టి, కాలేజీకి 100 వాట్ల టైప్-సీ చార్జర్ తీసుకెళ్తోంది. చార్జింగ్ ఎక్కుతుంది, గుర్తు కూడా వెలుగుతుంది, అంతా మామూలుగానే కనిపిస్తుంది. కానీ లాప్‌టాప్ తనకు అందుతున్న కరెంటు ఎంతో చూసుకుని, దానికి తగ్గట్టు గ్రాఫిక్స్ చిప్‌ను తగ్గించేస్తుంది. లోపలి వాట్లు, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రాములో చూస్తే టైప్-సీ మీద జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) 40 వాట్లు దాటడం లేదు. పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టబోతే ఒప్పుకోవడం లేదు కూడా.

పెద్ద అడాప్టర్ తగిలించి మళ్లీ నడిపాను. 5,869 ఉన్నది 8,505 అయింది. ఒక్క వైరు మారిస్తే.

బావకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే ఊర్లో లో వోల్టేజి వల్ల కూడా తగ్గుతుందా?" అని అడిగాడు. తగ్గదు. అడాప్టర్ వెనక చూస్తే 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ మధ్యలో ఎంత ఉన్నా లాప్‌టాప్‌కు అందేది ఒకటే. మన దగ్గర కరెంటు మీద అనుమానం సహజమే, కానీ ఈ విషయంలో దాని తప్పేమీ లేదు. బ్యాటరీ మీద నడిపితే మాత్రం ఏ గేమింగ్ లాప్‌టాప్ అయినా చతికిలపడుతుంది. ఆ స్కోరును ఎవరితోనూ పోల్చకూడదు.

ఇంకా 10,447కూ 8,505కూ మధ్య తేడా మిగిలే ఉంది. అసలు పని ఇక్కణ్నుంచే.

ఏప్రిల్ 14, ఆదివారం ఉదయం

ఎండ రాకముందే మొదలుపెట్టాను. గదిలో 29 డిగ్రీలు.

ముందుగా ఆ పెద్ద అంకెను విడదీశాను. టైమ్ స్పై మొత్తం స్కోరులో గ్రాఫిక్స్ వాటా 85 శాతం, ప్రాసెసర్ వాటా 15 శాతం. అది మామూలు సగటు కాదు, హరాత్మక మధ్యమం. కాబట్టి రెండింట్లో ఏది బలహీనంగా ఉంటే అది మొత్తాన్ని కిందికి లాగుతుంది. స్క్రీన్‌షాట్లు పంపుకునే పిల్లలు ఈ మొత్తం అంకెనే పంపుకుంటారు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు అంకెలనే చూడాలి.

లావుదానికి గ్రాఫిక్స్ 10,420, ప్రాసెసర్ 10,600. సన్నదానికి గ్రాఫిక్స్ 8,540, ప్రాసెసర్ 8,310. అంటే రెండు చోట్లా సన్నదే వెనకబడింది. ప్రాసెసర్ ఒకటే అయినప్పుడు అక్కడ కూడా ఇంత తేడా రావడమంటే, ఇవి రెండు వేరువేరు రోగాలు. కలిపి వైద్యం చేస్తే ఏదీ నయం కాదు.

గ్రాఫిక్స్ సంగతి ముందు పట్టుకున్నాను. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, కింద మూలన ఉండే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అనే వరుస ఉంటుంది. లావుదాంట్లో 140 వాట్లు. సన్నదాంట్లో 75 వాట్లు.

పాప నా పక్కనే కూర్చుని చూస్తోంది. "మామా, పేరు ఒకటే పెట్టి, లోపల సగమే ఇచ్చినారా?" అంది. చిప్‌లో సగం కోయలేదు. రెండింట్లోనూ 3,072 క్యుడా (CUDA) కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న భాగాలు, ఉన్నాయి. 128 బిట్ల మెమరీ బస్సే రెండింటికీ. తేడా అంతా దానికి ఎంత కరెంటు తాగే అనుమతి ఇచ్చారనేదాంట్లో ఉంది. ఎన్‌విడియా లాప్‌టాప్ 4060కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా పెట్టుకోవచ్చని తయారీదారులకు వదిలేసింది. దాని పైన డైనమిక్ బూస్ట్ అని ఇంకో 25 వాట్ల దాకా ఉంటుంది. ప్రాసెసర్‌కు పని తక్కువగా ఉన్నప్పుడు దాని వాటాలోంచి తీసి గ్రాఫిక్స్‌కు ఇస్తారు. లావుదాని 140 అలా వచ్చిందే. బూస్ట్ క్లాక్, అంటే చిప్ అందుకోగల వేగం, కూడా అంతే. కాగితం మీద 1,470 మెగాహెర్ట్జ్ నుంచి 2,370 దాకా అని ఒక పరిధి ఉంటుంది తప్ప, ఒక్క అంకె ఉండదు.

ఇంతకుముందు పేరు చూస్తే కొంతైనా తెలిసేది. 2017 నుంచి తక్కువ వాట్ల రకానికి మ్యాక్స్-క్యూ అని తోక ఉండేది. 2021 జనవరిలో 30 సిరీస్ వచ్చేసరికి పేరులోంచి ఆ తోక తీసేశారు. వాట్లు ఎన్నో లాప్‌టాప్ కంపెనీలే తమ వివరాల్లో చెప్పాలన్నారు. చెప్పేవాళ్లు చెబుతున్నారు. పాప లాప్‌టాప్ డబ్బా మీద మాత్రం ఎక్కడా లేదు, కొన్నచోట ఇచ్చిన కాగితంలోనూ లేదు. నాకు బాధ కలిగించేది ఇదొక్కటే. సన్నగా చేయాలంటే వాట్లు తగ్గించక తప్పదు, అది మోసం కాదు. కానీ కొనేవాడికి ఆ అంకె కనపడాలి కదా.

అదే రోజు, మధ్యాహ్నం

వాట్లే కారణమని అనుకోవడం వేరు, రుజువు చేయడం వేరు. దానికి మంచి దారి ఒకటి ఉంది. లావుదాన్ని పెర్ఫార్మెన్స్ మోడ్‌లోంచి బ్యాలెన్స్‌డ్ మోడ్‌కు మార్చాను. అందులో ఆ కంపెనీ జీపీయూకు 80 వాట్లే ఇస్తుంది. మిగతావేవీ ముట్టుకోలేదు.

గ్రాఫిక్స్ స్కోరు 10,420 నుంచి 8,790కి దిగింది. పక్కన 75 వాట్ల మీద నడుస్తున్న సన్నది 8,540. అయిదు వాట్లకు ఆపాటి తేడా న్యాయమే. రెండు లాప్‌టాప్‌లకూ ఒకే మేత పెడితే రెండూ ఒకే పాలిచ్చాయి. పాప ముఖంలో టెన్షన్ అప్పుడే తగ్గింది. తన దాంట్లో ఉన్నది అసలు చిప్పే, పాడైంది కాదు, డూప్లికేట్ అంతకన్నా కాదు.

ఇంకో ముచ్చట. లావుదానికి 140 వాట్ల దాకా అనుమతి ఉన్నా, టైమ్ స్పై నడుస్తున్నంతసేపూ అది తాగింది 103 వాట్ల చుట్టుపక్కలే. ఎందుకని హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో పెర్ఫార్మెన్స్ లిమిట్ వరుసలు చూశాను. పవర్ అని గాని, థర్మల్ అని గాని లేదు. రిలయబిలిటీ వోల్టేజ్ దగ్గర 'యస్' అని ఉంది. అంటే చిప్‌కు ఇచ్చే గరిష్ఠ వోల్టేజ్ హద్దుకు చేరింది, ఇంకా వాట్లు ఉన్నా వాడుకోలేదు. లాప్‌టాప్ 4060తో ఇది అందరికీ ఎదురయ్యేదే. కాబట్టి 115 వాట్ల 4060కీ 140 వాట్ల 4060కీ గేముల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. 140 అని చూసి పాతికవేలు ఎక్కువ పెట్టేవాళ్లు దీన్ని ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. 60కీ 100కీ మధ్య తేడాయే అసలైనది.

లెక్క కూడా వేసి చూశాను. 75 నుంచి 103 వాట్లకు అంటే 37 శాతం ఎక్కువ కరెంటు. స్కోరు పెరిగింది 22 శాతమే. వేగం పెంచాలంటే వోల్టేజ్ కూడా పెంచాలి, ఖర్చయ్యే వాట్లు వోల్టేజ్ వర్గంతో పెరుగుతాయి. అందుకే పైకి పోయేకొద్దీ ఒక్కో వాటుకూ దొరికే ఫలితం తగ్గిపోతుంది. సన్న లాప్‌టాప్ కొన్నవాళ్లకు ఇది కొంత ఊరట.

ఏప్రిల్ 16, మంగళవారం రాత్రి

రెండో రోగం, ప్రాసెసర్ స్కోరు. వెనక మూత తీయకముందే అనుమానం ర్యామ్ మీదే.

సన్నదాంట్లో 16 జీబీ ఉంది. కానీ ఒకే స్టిక్‌గా. రెండో స్లాట్ ఖాళీ. లావుదాంట్లో ఎనిమిదీ ఎనిమిదీ రెండు స్టిక్కులు. మొత్తం జీబీలు సమానమే కాబట్టి ప్రకటనలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్టిక్ ఒకటే ఉంటే ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య దారి సగమే తెరుచుకుంటుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. డీడీఆర్5 రకం ర్యామ్‌లో ఒక్కో స్టిక్కే లోపల రెండు 32 బిట్ల దారులుగా చీలి ఉంటుంది. అందుకని ర్యామ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రాము తెరిస్తే ఒక్క స్టిక్ ఉన్నా '2 x 32 బిట్' అని చూపిస్తుంది. అది చూసి డ్యుయల్ చానెల్ (రెండు స్టిక్కుల పూర్తి దారి) ఉందిలే అనుకుంటారు. నిజంగా రెండు స్టిక్కులూ పనిచేస్తుంటే '4 x 32 బిట్' అని రావాలి. పాపది 2 అనే వచ్చింది.

అదే వేగం ఉన్న 16 జీబీ స్టిక్ ఇంకోటి తెప్పించి వేశాను. ప్రాసెసర్ స్కోరు 8,310 నుంచి 9,900కు లేచింది. గ్రాఫిక్స్ స్కోరు 8,540 నుంచి 8,590. అంటే కదలనట్టే, మూడు శాతం లోపలే కదా. మొత్తం 8,764. ఇక్కడ బెంచ్‌మార్కు పూర్తి నిజం చెప్పదు. టైమ్ స్పై గ్రాఫిక్స్ భాగం 2560 x 1440 రిజల్యూషన్‌లో భారమంతా జీపీయూ మీదే వేస్తుంది, ర్యామ్ లోపం అందులో దాక్కుంటుంది. 1080 రిజల్యూషన్‌లో గేమ్ ఆడితేనో, పాప ఫొటోలను జతపరిచే పని చేస్తేనో బయటపడుతుంది. స్టిక్ వేశాక ఆ ఫొటో పనిలో మిషన్ గుక్కపట్టి ఆగడం పూర్తిగా పోయింది. పాపకు ఆ 1,590 పాయింట్ల కంటే ఇదే ముఖ్యం.

ప్రాసెసర్ స్కోరు లావుదానికి ఇంకా కొద్దిగా ఎక్కువే ఉంది. దాని బాడీ వేడిని బాగా తట్టుకుంటుంది, ప్రాసెసర్‌కు కూడా కాస్త ఎక్కువ వాట్లు ఇస్తుంది. దాని జోలికి పోలేదు.

ఏప్రిల్ 18, గురువారం

ఈ రోజు తెర దారి. లావుదాంట్లో తెరను నేరుగా ఎన్‌విడియా చిప్‌కు కలిపే మక్స్ స్విచ్ ఉంది, సన్నదాంట్లో లేదు.

మక్స్ లేని లాప్‌టాప్‌లో ఎన్‌విడియా చిప్ గీసిన ప్రతి ఫ్రేమూ (ఒక్కో బొమ్మ) నేరుగా తెర మీదికి రాదు. ముందు ఇంటెల్ గ్రాఫిక్స్ వాడుకునే మెమరీలోకి కాపీ అవుతుంది, ఆ తర్వాతే తెర మీదికి. బ్యాటరీ ఆదా కోసం ఎన్‌విడియా ఆప్టిమస్ పేరుతో 2010లో తెచ్చిన ఏర్పాటు ఇది. పనికొచ్చేదే. కాకపోతే ఆ కాపీ చేసే ఖర్చు ప్రతి ఫ్రేముకూ ఉంటుంది కాబట్టి, సెకనుకు ఫ్రేములు ఎంత ఎక్కువైతే నష్టం అంత ఎక్కువ.

దీన్ని కొలవడానికి సన్నదానికి షాపులో ఉన్న మానిటర్‌ను హెచ్‌డీఎంఐతో తగిలించాను. ఆ పోర్టు ఏ చిప్‌కు కలిపి ఉందో ముందు చూసుకోవాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ఫిజెక్స్ సెట్టింగ్ పేజీ తెరిస్తే బొమ్మ వేసి చూపిస్తుంది. దీంట్లో హెచ్‌డీఎంఐ నేరుగా ఎన్‌విడియాకే ఉంది.

టైమ్ స్పైలో తేడా ఒక శాతం కూడా లేదు. అందులో ఫ్రేములే తక్కువ. ఫైర్ స్ట్రైక్‌లో మాత్రం గ్రాఫిక్స్ స్కోరు 20,900 నుంచి 22,400కు పోయింది. అది డైరెక్ట్ఎక్స్ 11 మీద 1080లో నడిచే పాత బెంచ్‌మార్కు, ఫ్రేములు దండిగా వస్తాయి. అంటే ఒకే మిషన్, ఒకే వాట్లు, తెర మారితే ఒక బెంచ్‌మార్కులో ఏమీ లేదు, ఇంకోదాంట్లో ఏడు శాతం. స్కోరు పంపేటప్పుడు ఏ టెస్టు, ఏ తెర అని చెప్పకపోతే పోలికకు విలువ లేదు.

పాప రూములో పాత మానిటర్ ఒకటి ఉందంట. కూర్చుని పనిచేసేటప్పుడు దానికే పెట్టుకోమన్నాను.

ఏప్రిల్ 20, శనివారం మధ్యాహ్నం

అనంతపురం ఎండ గురించి మనకు చెప్పాల్సిన పని లేదు. సప్తగిరి సర్కిల్లో మనిషి కనపడటం లేదు. ఏసీ వేయకుండా కావాలనే ఈ సమయం ఎంచుకున్నాను. గదిలో 37 డిగ్రీలు. హాస్టల్ గదుల్లో పిల్లలు వాడేది ఈ వేడిలోనే, రివ్యూలు చేసేవాళ్లు కొలిచేది చల్లటి గదుల్లో.

ఒక్కసారి నడిపే టైమ్ స్పై రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, వేడి పూర్తిగా పేరుకునేలోపే. త్రీడీమార్క్‌లో స్ట్రెస్ టెస్ట్ అని వేరే ఉంది, డబ్బు కట్టే ఎడిషన్‌లో వస్తుంది. ఒకే దృశ్యాన్ని 20 సార్లు తిప్పి, అన్నిటికంటే మంచి రౌండ్‌తో పోలిస్తే అన్నిటికంటే చెడ్డది ఎంత శాతం ఉందో చెబుతుంది. 97 శాతం ఉంటే పాస్.

సన్నది 97.4తో పాసైంది.

లావుది 92.8. ఫెయిల్.

పాప నమ్మలేకపోయింది, కుర్రాడైతే ఇంకా. సన్నది నెమ్మదిగా నడుస్తుంది కానీ దాని 75 వాట్ల వేడిని దాని ఫ్యాన్లు మోయగలుగుతున్నాయి. లావుది మొదట్లో 103 వాట్లతో ఉరికింది, నాలుగైదు రౌండ్లు తిరిగేసరికి జీపీయూ 87 డిగ్రీలకు చేరి థర్మల్ లిమిట్ దగ్గర 'యస్' వచ్చేసింది. అక్కణ్నుంచి వాట్లు 85కు జారిపోయాయి. అంత పెద్ద గాలి రంధ్రాలున్న మిషన్ అలా చేయకూడదు. లోపల చూడాల్సిందే.

అదే రోజు, సాయంత్రం

కుర్రాడి ముందే విప్పాను. వెనక మరలు అన్నీ ఒకే పొడవు ఉండవు. ముందు వైపువి పొట్టి, కీలు దగ్గరవి పొడుగు. అందుకే తీసినవి తీసినట్టే ఒక తెల్ల కాగితం మీద వాటి స్థానాల్లోనే పెడతాను. పొడుగు మర పొట్టి చోట బిగిస్తే పైన కీబోర్డు పొంగుతుంది. మూత ఎత్తగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను, ఆ తర్వాతే మిగతా పని.

ఫ్యాన్లు పైకి శుభ్రంగానే ఉన్నాయి. ఊదుడు బ్లోయర్ పెట్టి తుడిచేసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఫ్యాన్ మూత విప్పితే, ఫ్యాన్‌కూ వేడి వదిలే రాగి రేకులకూ మధ్య ఎర్రటి పీచు గోడ కట్టుకుని ఉంది. మన ఎర్రమన్ను దుమ్ము, దుప్పటి నూలు, రెండూ కలిసి అట్టలా గట్టిపడ్డాయి. చిమటాతో పట్టుకుని లాగితే ముక్కలు కాకుండా ఒకే పట్టీగా వచ్చేసింది. వేలి పొడవు, రూపాయి బిళ్ల మందం. గాలి బయటికి పోయే దారిలో సగానికి పైగా అదే మూసేసింది. "మంచం మీద పెట్టి ఆడతావా?" అని అడిగాను. "అవునన్నా, రోజూ" అన్నాడు.

రేకుల మధ్య మెత్తటి బ్రష్ పెట్టి తుడిచాను. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపిపట్టాలి. లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. చిప్ వేడిని లాగేందుకు పూసే పేస్ట్ చూస్తే మధ్యలో పలచబడి అంచులకు జరిగిపోయింది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ కొద్దికొద్దిగా జరగడం మామూలే. అందుకే ఈసారి మామూలు పేస్ట్ కాకుండా ఫేజ్ చేంజ్ ప్యాడ్ వేశాను. వేడికి మెత్తబడి పరుచుకుంటుంది, పేస్ట్‌లా త్వరగా పక్కకు జరిగిపోదు.

మళ్లీ స్ట్రెస్ టెస్ట్. గదిలో ఇంకా 36. ఫలితం 98.3. జీపీయూ 79 డిగ్రీల దగ్గర నిలబడింది. ఒక్కసారి నడిపే టైమ్ స్పై గ్రాఫిక్స్ స్కోరు మాత్రం 10,420 నుంచి 10,510, అంతే. ఒక్క రన్ చూసి మిషన్ బాగుందనుకుంటే ఈ రోగం బయటపడేదే కాదు.

సన్నదానికి చేసింది చిన్న పని. వెనక భాగం కింద రెండు రబ్బరు కాళ్లు అంటించి ఎత్తుగా నిలబెట్టాను. కింది నుంచి గాలి పీల్చే మిషన్ కాబట్టి మూడు డిగ్రీలు తగ్గింది.

ఏప్రిల్ 21, ఆదివారం

బావ ఊర్నుంచి వచ్చాడు. తిరిగిచ్చేద్దామా అన్నదే ఆయన ప్రశ్న. మా వాళ్లకు వేరుశనగ చేను, బోరు ఉన్నాయి. ఆ భాషలోనే చెప్పబోతే ఆయనే ముందు అందుకున్నాడు. "మోటారు ఒకటే, దీనికి కరెంటు తక్కువ ఇచ్చినారు, అంతే కదప్పా." అంతే.

తిరిగివ్వక్కర్లేదని నా అభిప్రాయం చెప్పాను. పాప రోజూ బస్సులో మోసుకెళ్లాలి, లేపాక్షికి కూడా తీసుకెళ్తుంది. ఆ పనికి సన్నదే సరైనది. స్కోరు కోసం బరువు కొనుక్కోవడం ఆమెకు అనవసరం.

సన్నదాంట్లోంచి ఇంకొంచెం రాబట్టే దారి ఒకటి మిగిలింది. వాట్ల హద్దు దగ్గర ఆగే చిప్‌కు, అదే వేగాన్ని తక్కువ వోల్టేజ్‌తో చేయమంటే, మిగిలిన వాట్లతో ఇంకా పైకి పోతుంది. గ్రాఫిక్స్ చిప్ సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాములో కోర్ క్లాక్‌కు (చిప్ వేగానికి) 150 మెగాహెర్ట్జ్ కలిపితే, ఏ వోల్టేజ్‌కు ఎంత వేగమో చెప్పే వక్రరేఖ అంతా పైకి జరిగి సరిగ్గా ఇదే జరుగుతుంది. గ్రాఫిక్స్ 9,050 వచ్చింది. కానీ పాప పని గంటల తరబడి నడిచేది, మధ్యలో ఆగిపోతే ఆ రోజంతా వృథా. అందుకని 100కు తగ్గించి స్ట్రెస్ టెస్ట్‌తో పాటు ఆమె ఫొటో పని కూడా రాత్రంతా నడిపించాను, ఎక్కడా పడిపోలేదు. ఆ సెట్టింగ్ మీద గ్రాఫిక్స్ 8,940, మొత్తం 9,072. ఒక్కో చిప్ ఒక్కోలా పుడుతుంది, ఇదే 100 ఇంకొకరి దాంట్లో నిలవకపోవచ్చు. చూసి పెట్టుకోవాలి.

క్లాసులో 5,869 వచ్చిన లాప్‌టాప్ ఇదే.

లేపాక్షి స్తంభం ఒకదాని మోడల్‌ను రెండింట్లోనూ త్రీడీ ప్రోగ్రాము బ్లెండర్‌లో రెండర్ చేయించాం, అంటే పూర్తి బొమ్మగా గీయించాం. లావుది 35 నిమిషాలు, సన్నది 40. పాప ఆ అయిదు నిమిషాల గురించి ఏమీ అనలేదు. స్తంభం మీద చెక్కిన బొమ్మల అంచులు స్పష్టంగా వచ్చాయా లేదా అని పెద్దది చేసి చూసుకుంటూ ఉండిపోయింది.

ఏప్రిల్ 23, మంగళవారం

ఆ కుర్రాడి స్నేహితుడు ఇద్దరు అమ్మేవాళ్ల దగ్గర్నుంచి రెండు కొటేషన్లు పట్టుకొచ్చాడు. ఒకటి 4060, ఇంకోటి 4050, ధర దగ్గర దగ్గర. 4060 మీద వాట్లు రాసి లేవు. అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, డెమో పీస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ ఫొటో పంపమన్నాం. పంపారు. 60 వాట్లు. 4050ది 115 వాట్లు, దాని వివరాల కాగితంలోనే ఉంది.

గేములకైతే ఆ 4050నే కొనమనేవాణ్ని. ఇంత వాట్ల తేడాలో పెద్ద పేరున్న చిప్ వెనకబడే అవకాశమే ఎక్కువ. కానీ ఇతను కూడా మోడలింగ్ పనే చేస్తాడట. 4050కి వీడియో మెమరీ 6 జీబీయే, 4060కి 8. పెద్ద దృశ్యం మెమరీలో పట్టకపోతే ఎన్ని వాట్లున్నా ఉపయోగం లేదు. అందుకని రెండూ వద్దన్నాను. 90 వాట్లకు తగ్గని 4060, ర్యామ్ రెండు స్టిక్కులుగా ఉన్నది, ఈ రెండూ రాతపూర్వకంగా ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోమని చీటీ రాసిచ్చాను. టవర్ క్లాక్ వైపు షాపుల్లో అడిగి రేపు చెబుతానన్నాడు.